ఎస్‌ఎస్‌డీ కొనే ముందు బోర్డు పేరు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎస్‌ఎస్‌డీల గురించే. డబ్బు పెట్టి కొన్నాక రాసినవే ఎక్కువ.

ప్ర: మాది చిన్న డీటీపీ, జిరాక్స్ సెంటర్. కంప్యూటర్ కొని పన్నెండేళ్లు దాటింది. రెండో తరం ఐ3, హెచ్61 బోర్డు. పొద్దున ఆన్ చేసి టీ తాగి వచ్చినా విండోస్ పూర్తిగా లేవదు. ఎస్‌ఎస్‌డీ వేయిద్దామని వెళితే, షాపులో ‘పాత రకం ఎందుకు సార్, ఎన్‌వీఎంఈ తీసుకోండి, స్లాట్ లేకపోయినా కార్డు పెట్టి బిగిస్తాం’ అంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జ: వద్దండి. మీ బోర్డుకు తగినది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. హెచ్61 చిప్‌సెట్ 2011 నాటిది. ఆనాటి బయోస్‌కు ఎన్‌వీఎంఈ డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు. కార్డులో పెట్టి బిగిస్తే విండోస్ 10 లేచాక అది డి డ్రైవ్‌లాగా కనపడుతుంది, ఫైళ్లు దాచుకోవచ్చు. కానీ విండోస్‌నే అందులోంచి లేపడం కుదరదు. మీ బాధ విండోస్ లేవడం గురించే కదా! బయోస్‌ను మార్చి రాసి పని జరిపించేవాళ్లు ఉన్నారు. రోజూ నాలుగు రూపాయలు తెచ్చే యంత్రం మీద ఆ ప్రయోగం చేయించకండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. హెచ్61 ఇచ్చే సాటా పోర్టులన్నీ సెకనుకు 3 గిగాబిట్లవి. అట్టపెట్టె మీద 550 మెగాబైట్ల వేగం అని రాసిన ఎస్‌ఎస్‌డీ మీ దగ్గర 270 ప్రాంతంలో ఆగిపోతుంది. సగం వేగానికి పూర్తి డబ్బు ఇవ్వడమెందుకు అనిపించవచ్చు. అయితే మీ పొద్దుటి సమయాన్ని తినేస్తున్నది ఆ అంకె కాదు. హార్డ్ డిస్కులో పళ్లెం తిరగాలి, హెడ్డు చోటు వెతుక్కుంటూ అటూ ఇటూ జరగాలి. ఒక్కో చిన్న ఫైలు అందుకోవడానికే పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ లేచేటప్పుడు అలాంటి ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఆ వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. మీ 3 గిగాబిట్ల సాటా పోర్టులోనైనా తేడా మొదటి రోజే తెలుస్తుంది.

240 లేదా 256 జీబీ చాలు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 మీ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. అందువల్ల ఈ పీసీ మీద పెద్ద మొత్తం పెట్టడం దండగ. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే రేపు కొత్త పీసీ కొన్నా అందులోకి మార్చుకోవచ్చు. పవర్ కేబుల్ ఖాళీ లేకపోతే వాడకుండా పడి ఉన్న డీవీడీ డ్రైవ్‌ది తీసి పెట్టించండి.

విండోస్ కొత్తగా వేయిస్తుంటే, వేయడానికి ముందే బయోస్‌లో సాటా మోడ్ ‘ఐడీఈ’ అని ఉందేమో చూసి ‘ఏహెచ్‌సీఐ’కి మార్పించండి. వేశాక మారిస్తే నీలం తెర వచ్చే ప్రమాదం ఉంది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మళ్లీ వేసుకునే వీలు లేకపోతే కొత్తగా వేయించవద్దు, పాత డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేయించండి. అప్పుడు ఆ మోడ్ జోలికి పోవద్దు.

ప్ర: బీ560 బోర్డు, ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్‌తో పీసీ కట్టించుకున్నాను. పై ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెట్టాను. చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పట్టింది. బయోస్‌లో మాత్రం దాని పేరే లేదు. షాపువాళ్లు డ్రైవ్ రెండుసార్లు మార్చి ఇచ్చారు, అయినా అంతే. బోర్డు పోయినట్టేనా సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్

జ: బోర్డు పోలేదు. మీరు వెనక్కి ఇచ్చిన డ్రైవ్‌లు కూడా బాగానే ఉండి ఉంటాయి. జత కుదరలేదు, అంతే. బీ560లో ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే ఎం.2 స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కే కలిసి ఉంటుంది. 11వ తరం ప్రాసెసర్లలో పీసీఐఈ దారులు 20. గ్రాఫిక్స్ కార్డుకు 16 పోను మిగిలిన 4 ఈ స్లాట్‌కు వస్తాయి. మీ 10400ఎఫ్ 10వ తరానిది. దాంట్లో ఉన్నవే 16, అవన్నీ గ్రాఫిక్స్ కార్డుకే. మీరు ఎన్ని డ్రైవ్‌లు మార్చినా ఆ స్లాట్‌కు అవతలి కొసన పలికేవాళ్లు లేరు.

పీసీ ఆపి, ప్లగ్గు తీసి, అదే డ్రైవ్‌ను కింది ఎం.2 స్లాట్‌లోకి మార్చండి. అది చిప్‌సెట్ నుంచి వచ్చేది, 10వ తరంతోనూ పనిచేస్తుంది. వేగం పీసీఐఈ మూడో తరానిది, అంటే సెకనుకు 3,500 మెగాబైట్ల దాకా. చదువుకు, ఆటలకు అది ఎక్కువే.

ఈ బోర్డును, 10వ తరం ప్రాసెసర్‌ను కలిపి అమ్మేవాళ్లు పై స్లాట్ పనిచేయదన్న ఒక్క ముక్క చెప్పి అమ్మాలి. మాన్యువల్‌లో అది ఒక్క లైనులో ఉంటుంది. చాలా హెచ్510 బోర్డులతో ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటిలో ఎం.2 స్లాట్ ఉండేదే ఒకటి, అదీ 11వ తరానికే పనిచేసేది.

ప్ర: మా అబ్బాయి ఊరికి వచ్చినప్పుడు కంప్యూటర్‌లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ వేసి వెళ్లాడు. అది బాగుంది గానీ, ఫొటోలున్న పాత హార్డ్ డిస్కు కనపడటం మానేసింది. ఇరవై ఏళ్ల ఫొటోలండీ. పోయినట్టేనా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, అనకాపల్లి

జ: పోలేదమ్మా, కంగారు పడకండి. రెండేళ్ల కిందట మా అక్క ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. పెట్టె పక్క రేకు తీసి, హార్డ్ డిస్కు నుంచి వచ్చే ఎర్ర కేబుల్ వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లి టార్చి వేసి చూశాను. అది దిగిన పోర్టు పక్కన ఆవగింజంత అక్షరాల్లో ‘సాటా 5’ అని ఉంది. మాన్యువల్ తెరిస్తే, ఎం.2 స్లాట్ వాడుతున్నప్పుడు 5, 6 పోర్టులు పనిచేయవని రాసి ఉంది. కేబుల్ తీసి 2లో పెట్టాను, డిస్కు వెంటనే కనపడింది. చాలా బోర్డుల్లో ఎం.2, కొన్ని సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. ఏవి ఏవన్నది బోర్డును బట్టి మారుతుంది.

కేబుల్ మార్చేటప్పుడు ప్లగ్గు తీసి ఉంచండి. మార్చాక విండోస్ ‘ఫార్మాట్’ అనో ‘ఇనిషియలైజ్’ అనో అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. అక్కడే ఆపి, తెలిసినవారికి చూపించండి. ఫొటోలు కనపడ్డ రోజునే ఇంకో డిస్కులోకి ఒక కాపీ తీయించుకోండి.

ప్ర: బీ550 బోర్డు, రైజెన్ 5 5600జీ. నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ పెడితే పాడవుతుందా?

జ: పాడవదు, మూడో తరం వేగంతో నడుస్తుంది. బోర్డు నాలుగో తరానిదే అయినా 5600జీ ప్రాసెసర్ మూడో తరం పీసీఐఈనే ఇస్తుంది. ధరలో తేడా లేకపోతే తీసుకోండి, తేడా ఉంటే మూడో తరందే మేలు.

ప్ర: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ఆఫీసు పీసీ కొన్నాను. బోర్డు మీద చిన్న ఎం.2 స్లాట్ ఉంది. ఎస్‌ఎస్‌డీ అందులో దిగట్లేదు. గట్టిగా నొక్కమంటారా?

జ: నొక్కకండి. అది వై-ఫై కార్డుకు ఇచ్చిన ‘ఈ’ రకం స్లాట్ అయి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ స్లాట్ ‘ఎం’ రకం. డెస్క్‌టాప్‌లో మామూలుగా వాడే కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అంత దూరంలో బోర్డు మీద స్క్రూ రంధ్రం ఉందేమో చూడండి.

కార్డు బంగారు రంగు పళ్ల వరుసలో గాటు ఒక్కటే ఉంటే మామూలుగా ఎన్‌వీఎంఈ. రెండు గాట్లుంటే ఎక్కువగా సాటా. కొన్ని ఎన్‌వీఎంఈలకూ రెండు గాట్లుంటాయి కనుక లేబుల్ చదివి నిర్ధారించుకోండి. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. ఎన్‌వీఎంఈ మాత్రమే తెలిసిన స్లాట్‌లో సాటా కార్డు పెడితే నిక్షేపంగా కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. మీ బోర్డు స్లాట్ దేన్ని ఒప్పుకుంటుందో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

పాఠకులకు మనవి: స్టార్ట్ మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ‘బేస్‌బోర్డ్ ప్రొడక్ట్’ దగ్గర బోర్డు పేరు, ‘ప్రాసెసర్’ దగ్గర దాని పేరు కనపడతాయి. ఉత్తరం రాసేటప్పుడు ఆ రెండూ తప్పక రాయండి. వీలైతే కొనే ముందే రాయండి.