నాన్న కొలువు కోసం ఆగితే ఇరవై నాలుగు దాటిపోతుంది

చిన్న అణు రియాక్టర్లు వస్తున్నాయంటున్నారు, డీజిల్ ఇంజన్లకు కాలం చెల్లిందంటున్నారు, మరి డీజిల్ మెకానిక్ చేసిన మా వాడి సంగతేమిటి? గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ వైపు ఐటీఐ పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రావాల్సిన ప్రశ్నే ఇది. జవాబు మాత్రం రియాక్టర్‌తో కాదు, వయసుతో మొదలుపెట్టాలి.

సింగరేణిలో కారుణ్య నియామకానికి వారసుల వయోపరిమితి 35 ఏళ్లుగా ఉండేది. 2024లో దాన్ని 40కి పెంచారు. అదే అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌లో ఐటీఐ వాళ్లు చేరే స్టైపెండరీ ట్రైనీ పోస్టుకు జనరల్ అభ్యర్థి వయసు 24 దాటకూడదు. డిప్లొమా వాళ్లకు 25. రిజర్వుడు పోస్టుల్లో బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. నాన్న అన్‌ఫిట్ అయితే కొలువు వస్తుందని ఎదురుచూస్తూ, 24, 40 అనే ఈ రెండు అంకెల మధ్య మన బొగ్గు బెల్టులో ఎందరో పిల్లలు చేతిలో సర్టిఫికెట్ పెట్టుకుని ఏళ్లు గడిపేస్తున్నారు. ఆ ఆశను నేను తప్పు పట్టను. బాయి కొలువు ఈ కుటుంబాలకు అన్నం పెట్టింది, దాన్ని నిలబెట్టుకోవాలనుకోవడం న్యాయమే. కానీ 40 దాకా తెరిచి ఉండే తలుపు దగ్గర కూర్చుని 24కే మూసుకునే తలుపు వైపు చూడకపోవడం నష్టం. అందులోనూ 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడు ఉన్నది 40 వేల దరిదాపుల్లోనే.

ఇక రియాక్టర్ సంగతి. చమురు ఇంజన్‌ను తీసేసి ఆ స్థానంలో చిన్న అణు రియాక్టర్‌ను నిజంగా పెట్టింది ఇంతవరకూ ఎక్కువగా నీటి మీదా, నీటి కిందే. మన విశాఖపట్నంలో కట్టిన ఐఎన్‌ఎస్ అరిహంత్ జలాంతర్గామి అందుకు మంచి ఉదాహరణ. 2009లో దాన్ని జలప్రవేశం చేయించారు, 2013లో లోపలి 83 మెగావాట్ల రియాక్టర్ పనిచేయడం మొదలైంది. డీజిల్ జలాంతర్గామి బ్యాటరీలు చార్జి చేసుకోవాలంటే ఇంజన్‌కు గాలి కావాలి, అందుకోసం పైకి రావాలి. రియాక్టర్‌కు గాలితో పనిలేదు గనుక నెలల తరబడి లోపలే ఉండగలదు. ఆ అవసరం కోసం దేశం ఎంత ఖర్చయినా పెడుతుంది. సరుకు రవాణా అలా కాదు. అమెరికా సవానా అనే అణు వాణిజ్య నౌకను 1960లలో నడిపి, ఖర్చు గిట్టక 1970ల మొదట్లోనే పక్కన పెట్టేసింది. రష్యా ఒక్కటే మంచును చీల్చే ఓడల్లో రియాక్టర్లను 1959 నుంచి వదలకుండా వాడుతోంది.

డంపర్‌లోనో డోజర్‌లోనో రియాక్టర్ పెట్టేది లేదు. మన దగ్గర డీజిల్‌కు బదులు వచ్చేది కేబుల్, బ్యాటరీ. భూగర్భ గనుల్లో అది ఇదివరకే వచ్చేసింది. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం వెనక ఈడ్చుకెళ్లే కేబుల్ చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు, అడ్రియాల లాంగ్‌వాల్‌లో బొగ్గు కోసే షియరర్ కూడా కరెంటుదే. డీజిల్ కాలేది ప్రధానంగా ఓపెన్‌కాస్టుల్లో. రేపు అక్కడా మోటార్లు పెరిగితే ఆ కరెంటు ఎక్కడి నుంచి రావాలన్నది తర్వాతి ప్రశ్న. రియాక్టర్ మన జీవితంలోకి వస్తే ఆ వైపు నుంచి, కరెంటుగా వస్తుంది.

ఆ రియాక్టర్ ఎంత చిన్నదంటే, రామగుండం బీ థర్మల్ కేంద్రాన్ని గుర్తు చేసుకోండి. 1971 నుంచి నడిచి 2024లో మూతపడిన ఆ కేంద్రం సామర్థ్యం 62.5 మెగావాట్లు. అణు పరిశోధన సంస్థ బార్క్ రూపకల్పన చేస్తున్న చిన్న రియాక్టర్లలో ఒకటి 55 మెగావాట్లది, ఇంచుమించు అంతే. మరొకటి 200 మెగావాట్లది. ఇవి కాక, కైగాలో నడుస్తున్న 220 మెగావాట్ల తరహానే పరిశ్రమల సొంత అవసరాలకు మలిచి, భారత్ స్మాల్ రియాక్టర్ పేరుతో కట్టుకోవడానికి ముందుకు రమ్మని ఎన్‌పీసీఐఎల్ 2024 చివర్లో ప్రైవేటు కంపెనీలను పిలిచింది. 2025 బడ్జెట్ ఈ చిన్న రియాక్టర్ల కోసం 20,000 కోట్లు ప్రకటించి, 2033 నాటికి కనీసం ఐదు నడవాలని లక్ష్యం పెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ప్రైవేటు సంస్థలకూ దారి తెరిచింది.

2033 అన్న అంకె దగ్గర కాసేపు ఆగండి. ఇవాళ 18 ఏళ్లున్న పిల్లవాడికి అప్పటికి ఆ 24 దాటిపోతుంది. పైగా ఈ రంగంలో గడువులు జారడం కొత్త కాదు. అమెరికాలో నూస్కేల్ కంపెనీ ఇడాహోలో తలపెట్టిన చిన్న రియాక్టర్ల ప్రాజెక్టు ఖర్చు పెరిగి 2023 నవంబరులో రద్దయింది. నడుస్తున్నవీ ఉన్నాయి. రష్యా పెవెక్ రేవులో 2020 నుంచి ఓడ మీది రియాక్టర్లు 70 మెగావాట్లు ఇస్తున్నాయి, చైనా షిదావో తీరంలో వాయువుతో చల్లబరిచే రియాక్టర్ 2023 చివర్లో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. మనకు అన్నిటికన్నా దగ్గరి పోలిక అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని కెమరర్. అది బొగ్గు గనుల ఊరు. అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రం పక్కన టెర్రాపవర్ సంస్థ 345 మెగావాట్ల రియాక్టర్‌కు 2024 జూన్‌లో పనులు మొదలుపెట్టింది. నిర్మాణం ముమ్మరంగా ఉన్నప్పుడు 1,600 మందికి, నడిచేటప్పుడు 250 మందికి పని ఉంటుందని సంస్థే చెబుతోంది. ఈ 250 అన్న అంకె ప్రతి సింగరేణి ఇంట్లో తెలియాలి. 220 మెగావాట్ల రియాక్టర్ ఏడాదికి వాడేది కొన్ని పదుల టన్నుల యురేనియం ఇంధనం. అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే పది లక్షల టన్నులకు పైగా తవ్వి, ఎత్తి, వ్యాగన్లకెక్కించాలి. ఆ తవ్వే, ఎత్తే చేతుల పని రియాక్టర్‌లో లేదు. రియాక్టర్ వస్తే బాయి కొలువులన్నీ అటు మారతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అందుకని రాబోయే చిన్న రియాక్టర్ కోసం కాక, ఇప్పటికే నడుస్తున్న అణు సంస్థల వైపు చూడండి. అవి మనకు దూరంగా లేవు. మణుగూరు పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం 1991 నుంచి ఉంది. దాని సొంత విద్యుత్ కేంద్రంలో కాలేది సింగరేణి బొగ్గే. రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ హైదరాబాద్ మౌలాలిలో ఉంది, నియంత్రణ పరికరాలు చేసే ఈసీఐఎల్ కూడా ఆ నగరంలోదే. కాస్త దూరం పోతే కైగా, కల్పాక్కం. రామగుండంలో మనకు బాగా తెలిసిన ఎన్‌టీపీసీ సైతం ఎన్‌పీసీఐఎల్‌తో కలిసి రాజస్థాన్‌లోని మాహీ బాన్స్‌వాడాలో నాలుగు 700 మెగావాట్ల రియాక్టర్లు కడుతోంది, దానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది.

ఎన్‌పీసీఐఎల్ స్టైపెండరీ ట్రైనీ పోస్టుకు ఐటీఐ వాళ్లు పదో తరగతిలో గణితం, సైన్సుల్లో విడివిడిగా 50 శాతం తెచ్చుకుని ఉండాలి. పదో తరగతి మెమోలో మార్కులు కాక గ్రేడ్లే ఉన్నవాళ్లు వాటిని శాతంగా ఎలా లెక్కించాలో తెలుసుకుని, దానికి సంబంధించిన కాగితం ముందే సిద్ధం చేసుకోండి. పోస్టుల్లో ఎక్కువ భాగం ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్, ఎలక్ట్రానిక్స్ ట్రేడ్లవి. మొదటి పరీక్షలో గంటలో 50 ప్రశ్నలు, 20 గణితం, 20 సైన్సు, 10 జనరల్ నాలెడ్జి. తప్పు రాస్తే మార్కు పోతుంది. అంటే గట్టెక్కించేది ట్రేడు పరిజ్ఞానం కన్నా ముందు పదో తరగతి గణితమే. మన పిల్లలు ఐటీఐలో చేరిన రోజే దాన్ని వదిలేస్తారు. నా సలహా ఒక్కటే: ఐటీఐ రెండేళ్లూ రోజుకో గంట ఆ పాత పుస్తకాలు తీయండి. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు కాబట్టి సైన్సు పదాలు ఇంగ్లిష్‌లో రాసి చదవండి. రెండో పరీక్ష ట్రేడు మీద, చివర చేతిపని పరీక్ష. ఎంపికైతే స్టైపెండ్‌తో రెండేళ్ల శిక్షణ, కొంతకాలం పనిచేసి తీరాలనే బాండ్ ఉంటాయి. కుటుంబానికి వచ్చే కారుణ్య నియామకం మీద దీని ప్రభావం ఏమిటో చేరే ముందే మీ ఏరియా పర్సనల్ విభాగంలో అడగండి, వీలైతే రాతపూర్వకంగా.

డీజిల్ మెకానిక్ కుర్రాడిని మరిచిపోలేదు. పెద్ద డంపర్లలో కొన్నింటి ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు, జనరేటర్‌ను తిప్పుతుంది. చక్రాలను తిప్పేవి మోటార్లు. మోటారు, కంట్రోల్ ప్యానెల్, హైడ్రాలిక్స్ తెలిసిన డీజిల్ మెకానిక్ యంత్రం ఎటు మారినా నిలబడతాడు. తెలియనివాడు ఇబ్బంది పడతాడు. డీజిల్ చదువు అణు కేంద్రంలో పనికిరాదనుకోవడమూ పొరపాటే. ప్రతి కేంద్రంలోనూ అత్యవసర డీజిల్ జనరేటర్లు ఉంటాయి. బయటి కరెంటు పోతే రియాక్టర్‌ను చల్లబరిచే పంపులకు అవే ఆధారం. 2011 మార్చి 11న ఫుకుషిమాలో సునామీ నీరు చేరి ఆ జనరేటర్లు ఆగిపోవడం వల్లే అంత విపత్తు జరిగింది. వాటిని ఎప్పుడు నొక్కితే అప్పుడు స్టార్టయ్యేలా ఉంచే మనిషి విలువ ఆ రోజు లోకానికి తెలిసింది. కాకపోతే ఆ పోస్టులు కొద్ది. అందుకే వీలైతే ఎలక్ట్రీషియన్ పని కూడా నేర్చుకోమంటాను.

ఎన్‌టీపీసీలో, జైపూర్ సింగరేణి థర్మల్ కేంద్రంలో ఓవర్‌హాలింగ్‌కు తిరిగే కాంట్రాక్టు కార్మికుల గురించి ఎవరూ రాయరు. అణు కేంద్రంలో కూడా ఆవిరే టర్బైన్‌ను తిప్పుతుంది. 220 మెగావాట్ల రియాక్టర్ ఆవిరి వేడి 250 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మీరు పనిచేసే 500 మెగావాట్ల యూనిట్‌లో 540 దాకా పోతుంది. అంటే అంతకన్నా కఠినమైన ఆవిరి దగ్గర మీ చేతులు పనిచేశాయి. టర్బైన్, కండెన్సర్, ఫీడ్ పంపు, వాల్వులు అక్కడా అవే. లోటల్లా కాగితం. బాయిలర్ నిబంధనల (ఐబీఆర్) కింద వెల్డర్ పరీక్ష ఇచ్చి సర్టిఫికెట్ మీ పేరు మీద తీసుకోండి, గుత్తేదారు ఫైల్లో వదిలేయకండి. వెల్డింగు అతుకులకు ఎక్స్‌రే తీసే పని మీద ఆసక్తి ఉంటే అణు నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ గుర్తించిన రేడియోగ్రఫీ కోర్సు చేయండి, బాయిలర్‌కైనా రియాక్టర్‌కైనా ఆ పని తప్పదు.

రేడియేషన్ ఉన్నచోట పనికి వెళ్తే ఒక విషయంలో రాజీ పడకండి. మన దేశంలో ఆ పని చేసే వాళ్లకు వరుస ఐదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్నది నిబంధన. ఒంటికి తగిలే ఆ డోసును కొలిచేది ఛాతీ మీది టీఎల్‌డీ బ్యాడ్జి. అది లేకుండా లోపలికి పోవద్దు, ఇంకొకరిది పెట్టుకోవద్దు, డోసు ఎక్కువైతే పని పోతుందని తీసి జేబులో పెట్టుకోవద్దు. ప్రతి ఒక్కరికీ జాతీయ డోసు రిజిస్టరులో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసిపెట్టుకుని, పని ముగిసి తిరిగి వచ్చేటప్పుడు మీ డోసు లెక్క అడిగి తెచ్చుకోండి. గుత్తేదారు మారినా, ఊరు మారినా ఆ లెక్క మీ వెంట రావాలి. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనా, రుజువు చేసే రికార్డు చేతిలో లేక పరిహారం కోసం తిరిగిన పెద్దలు మన కాలనీల్లోనే ఉన్నారు.

బాయిలో ఇప్పటికే పనిచేస్తున్న వాళ్లకు ఒక మాట. మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ సర్టిఫికెట్లు బొగ్గు గనులకే చెల్లుతాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలోని యురేనియం గని లోహ గనుల నిబంధనల కిందికి వస్తుంది. అక్కడ మేట్, ఫోర్‌మన్ సర్టిఫికెట్లు వేరు, పరీక్ష మాత్రం గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్‌దే. సింగరేణి కూడా 2025లో కర్ణాటకలోని దేవదుర్గలో బంగారం, రాగి అన్వేషణకు లైసెన్సు దక్కించుకుంది. కాబట్టి అర్హత ఉన్న యువ ఓవర్‌మన్లు లోహ గనుల సర్టిఫికెట్ కూడా సంపాదించుకుంటే మంచిది.

చివరిగా దళారుల గురించి. అణు సంస్థల్లో ఉద్యోగం పరీక్షతోనే వస్తుంది. కట్టాల్సింది దరఖాస్తు రుసుము, అదీ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే. చిన్న రియాక్టర్ల కంపెనీ అనో, ముందస్తు రిజిస్ట్రేషన్ అనో లక్షలు అడిగేవాళ్లు వస్తే పోలీసులకు చెప్పండి. పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి.