పాఠం 9: కోళ్ల గూడు చుట్టూ ఎలుక కన్నాలు

9.1 పరిచయం

పెరట్లో నాలుగు నాటుకోళ్లు ఉంటే ఇంట్లోకి గుడ్లు వస్తాయి, అవసరానికి డబ్బులూ వస్తాయి. అయితే గూడు కట్టిన కొద్ది రోజులకే దాని చుట్టూ ఎలుక కన్నాలు కనిపిస్తాయి. చాలామంది కన్నంలో పొగ పెడతారు, నీళ్లు పోస్తారు, మట్టితో పూడుస్తారు. వారం తిరగకముందే పక్కన మరో కన్నం పడుతుంది. ఎందుకు? కన్నం పూడ్చాం గాని, ఎలుకను రప్పించిన మేతను అలాగే ఉంచాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఎలుకలు కాపురమున్న కన్నాలను గుర్తించగలుగుతారు;
• ఎలుకల వల్ల కలిగే నష్టాన్ని లెక్కకట్టగలుగుతారు;
• నివారణ పనులను సరైన వరుసలో చేయగలుగుతారు.

9.2 కన్నాలను గుర్తించడం

గూడు అడుగున కన్నం పక్కనే కొత్త మట్టి కుప్పగా ఉంటే అది సాధారణంగా పందికొక్కు పని. కృష్ణా, గోదావరి డెల్టాల వంటి వరి ప్రాంతాల్లో కోతలు అయ్యాక పందికొక్కులు పొలాల నుంచి ఇళ్ల వైపు వస్తాయి.

చేసి చూడండి: సాయంత్రం కన్నాలన్నిటినీ తడి మట్టితో మూయండి. ఉదయాన్నే చూడండి. తిరిగి తెరుచుకున్న వాటిలోనే ఎలుకలు ఉన్నాయి. వాటిని లెక్కపెట్టి రాసుకోండి.

9.3 నష్టం ఎంత?

ఒక ఎలుక రోజుకు 20 గ్రాముల దాణా తింటుందనుకుందాం. పది ఎలుకలు రోజుకు 200 గ్రాములు, నెలకు 6 కిలోలు తింటాయి. మీరు కోడికి రోజుకు 50 గ్రాముల దాణా వేస్తుంటే, అది నాలుగు కోళ్ల మేత! ఇవి కాక ఎలుకలు గుడ్లు, చిన్న పిల్లలను ఎత్తుకుపోతాయి. ఎలుక మూత్రం కలిసిన నీరు, బురద వల్ల మనుషులకు ఎలుక జ్వరం రావచ్చు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఎలుకల కోసం పాము వస్తుంది. చీకట్లో గుడ్ల కోసం గూట్లో చెయ్యి పెట్టకండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

9.4 నివారణ: ఏది ముందు, ఏది తరువాత?

(అ) మేత తీసివేయడం: కోళ్లు పగలే తింటాయి, ఎలుకలు ఎక్కువగా రాత్రి తింటాయి. కాబట్టి కోళ్లు అరగంటలో తినగలిగినంతే వేయండి. పొద్దు గూకే లోపు మిగిలిన గింజలు ఊడ్చి, గుడ్లు తీసేయండి. దాణాను మూత ఉన్న రేకు డబ్బాలో ఉంచండి. గోనెసంచిని ఎలుక కొరుకుతుంది. గూడు చుట్టూ మూడు అడుగుల మేర కట్టెలు, పిడకలు, చెత్త లేకుండా చూడండి.

(ఆ) బోను పెట్టడం: బయట మేత దొరకనప్పుడే ఎలుక బోనులోకి వస్తుంది. దానికి కొత్త వస్తువంటే అనుమానం. అందుకే రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టి, లోపల ఎర ఉంచండి. అలవాటు పడ్డాక తలుపు వదలండి. చచ్చిన ఎలుకను చేత్తో ముట్టకుండా లోతుగా పూడ్చండి.

(ఇ) కన్నాలు మూసి, అడుగు కట్టుదిట్టం చేయడం: ఎలుకలు తగ్గాక కన్నాలను రాళ్లు, సిమెంటుతో నింపండి. గూడు చుట్టూ అడుగు లోతు కందకం తవ్వి, అరంగుళం కళ్లున్న గట్టి ఇనుప జాలీని దించండి. దాని కింది అంచును బయటి వైపు మరో అడుగు వంచి పూడ్చండి. తవ్వుతూ వచ్చిన ఎలుకకు జాలీ అడ్డు పడుతుంది. పలుచని కోళ్ల వల పనికిరాదు.

జాలీకి డబ్బు లేకపోతే గూటిని మూడు అడుగుల ఎత్తు కాళ్లపై నిలపండి. ఒక్కో కాలికి రేకును బోర్లించిన గరాటులా చుట్టండి. గూటికి గోడ, కొమ్మ తగలకూడదు.

9.5 విషం విషయంలో జాగ్రత్త

జింకు ఫాస్ఫైడ్ కలిపిన గింజలను కోళ్లూ తింటాయి, పిల్లలూ ముట్టుకుంటారు. దానికి విరుగుడు మందు లేదు. గూడు దగ్గర, పెరట్లో విషపు ఎర పెట్టకండి. ఎవరైనా తింటే క్షణం ఆలస్యం చేయకుండా, మందు ప్యాకెట్టుతో సహా ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

మీరు నేర్చుకున్నవి

ముందు మేత, తరువాత బోను, ఆ తరువాతే కన్నం. ఆడ ఎలుక సుమారు మూడు వారాల చూలుతోనే ఈనుతుంది. అందువల్ల ఒక్కరోజు పనితో బెడద తీరదు. ఇరుగుపొరుగు వారితో కలిసి ఒకేసారి మొదలుపెడితే ఫలితం నిలుస్తుంది.

పాఠంలోని ప్రశ్నలు

1. ఎలుకలున్న కన్నాన్ని ఎలా గుర్తిస్తారు?
2. మేత తీసివేయకుండా బోను పెడితే ఏమవుతుంది?
3. ఆరు ఎలుకలు నెలకు ఎంత దాణా తింటాయి?

జవాబులు

1. సాయంత్రం మూసిన కన్నం ఉదయానికి తెరుచుకుని ఉంటుంది.
2. బయటే తిండి దొరుకుతుంది కాబట్టి ఎలుక బోనులోకి రాదు.
3. 6 × 20 × 30 = 3,600 గ్రాములు, అంటే 3 కిలోల 600 గ్రాములు.