కిడ్నీ మార్పిడి తర్వాత బరువు పెరిగితే...

నెలల తరబడి డయాలిసిస్‌కు తిరిగి, అన్నం సయించక చిక్కిపోయిన మీ ఇంటి మనిషి కిడ్నీ మార్పిడి తర్వాత 'ఆకలి' అంటున్నారు. రెండు మూడు నెలలకు ముఖం నిండుగా కనబడుతుంది. చూడవచ్చిన చుట్టాలు "ఒళ్ళు చేశారు, ఇక భయం లేదు" అంటారు. మీకూ సంతోషమే. కానీ ఆ ఒళ్ళు కండో, కొవ్వో, నీరో తెలుసుకోవడం అవసరం.

బరువు ఎందుకు పెరుగుతుంది?

రక్తంలో మలినాలు తగ్గి నోటికి రుచి తెలుస్తుంది. పాత పత్యం సడలుతుంది. పైగా కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందులలో ఒకటైన ప్రెడ్నిసలోన్ ఆకలిని పెంచుతుంది. కొవ్వును ముఖానికి, మెడ వెనుకకు, పొట్టకు చేరుస్తుంది. తొడల్లో, భుజాల్లో కండను తగ్గిస్తుంది. అందుచేత తూకం పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్లు కాదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవలేకపోతుంటే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి.

దీనివల్ల నష్టం ఏమిటి?

ప్రెడ్నిసలోన్, టాక్రోలిమస్ రెండూ షుగరును పెంచగల మందులే. వాటికి పొట్ట కూడా తోడైతే, ఇంతకు ముందు షుగరు లేనివారికి సైతం రావచ్చు. షుగరు, బి.పి. కొత్త కిడ్నీనీ గుండెనూ దెబ్బతీస్తాయి.

ఇంట్లో ఏమి చేయాలి?

1. రోజూ ఉదయం కాలకృత్యాలయ్యాక, టిఫినుకు ముందు, ఒకే మిషను మీద బరువు చూసి నోటుబుక్కులో రాయండి. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఏలూరు నుంచైనా తాడేపల్లిగూడెం నుంచైనా, పరీక్షలకు బయలుదేరేటప్పుడు ఆ పుస్తకం వెంట ఉంచుకోండి.

2. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. కొల్లేటి చేప మంచిదే. వేపుడుగా కాక, తక్కువ నూనెతో బాగా ఉడికిన పులుసుగా పెట్టండి. ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాల్లో ఉప్పు ఎక్కువ. చుట్టాలు తెచ్చిన స్వీట్లు పక్కన పెట్టండి. పొటాషియం, షుగరు రిపోర్టులను బట్టి పండ్ల విషయం డాక్టరుగారినే అడగండి.

3. పంపరపనస పెట్టవద్దు. అది టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందుల మోతాదును రక్తంలో మార్చివేయగలదు.

4. డాక్టరుగారు సరే అన్నాక ఉదయం కాలువ గట్టున నడిపించండి. పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంటకు తీసుకురండి. మొదటి నెలల్లో బియ్యం బస్తాలు, నీళ్ళ బిందెలు ఎత్తనివ్వకండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన సమయం

కొవ్వు మెల్లగా చేరుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే కిలోకు పైగా పెరిగినా, పాదాలు వాచినా, మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా అది కిడ్నీకి ఇబ్బంది కావచ్చు. తెల్లవారే దాకా ఆగవద్దు.

ఒక ముఖ్యమైన మాట

ముఖం ఉబ్బిందని సిగ్గుపడి, ముఖ్యంగా యువతీయువకులు, మాత్రలు మానేసే ప్రమాదం ఉంది. మాత్రలు మానితే కిడ్నీయే పోవచ్చు. మోతాదు తగ్గించవలసింది డాక్టరుగారే. తగ్గించిన కొద్దీ వాపు కూడా చాలా వరకు తగ్గుతుంది. ఎగతాళి చేయకండి, ధైర్యం చెప్పండి.

మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజి ఆసుపత్రిలో జరిగింది. అప్పటికీ ఇప్పటికీ మందులు ఎంతో మెరుగుపడ్డాయి. అయినా రోజూ మూడు పూటలా కిడ్నీని కాపాడేది మీ వంటిల్లే. కిడ్నీ ఇచ్చిన తల్లి గానీ, భార్య గానీ అదే కుండలోది తింటారు. మిగిలిన ఒక్క కిడ్నీ పదిలంగా ఉండాలంటే ఈ జాగ్రత్తలు వారికీ అవసరమే. ప్రేమతో ఇచ్చిన ఆ దానాన్ని కాపాడుకొనే ఓర్పును దేవుడు మీ ఇంటిల్లిపాదికీ దయచేయును గాక.