శేషాచలపు పేరీత - పోతుకంకిని కోయుటవలని నష్టము

తాళ్లలో పోతు, పెంటి యను రెండు తెగలు గలవనియు, పోతుతాటి పుప్పొడి సోకనిదే మొలకెత్తు టెంక యేర్పడదనియు రైతు సోదరు లెఱిగినదే. మన కొండలలోని పేరీతకును ఇదియే ధర్మము. దీని నెఱుగమిచేతనే యా మొక్క క్షీణించుచున్నది.

పేరీతకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సైకాస్ బెడ్డోమై. చెన్నపురి రాజధానియందు అటవీశాఖాధిపతిగా నుండిన బెడ్డోము దొర పేరిట 1883లో ఈ నామ మేర్పడెను. తిరుపతి, కడప కొండలే దీని స్వస్థానము. చూపునకు పొట్టి యీతచెట్టువలె నుండి, ఎండిన రాతివాలులందు గడ్డినడుమ మిక్కిలి మెల్లగా పెరుగును. దీనికి నిజమైన పువ్వు లేదు. పోతుమొక్క నడినెత్తిన కంకి వెడలును. పెంటిమొక్కకు గింజలు పట్టును.

పోతుకంకిని మదనకామపువ్వని పేరు పెట్టి, బలమునకు మందని నమ్మి కోయుదురు. కోసినను మొక్క నిలిచియుండుటచే నష్టము కంటికి కానరాదు. కాని పుప్పొడి పోయినచో చుట్టుపట్ల పెంటిమొక్కల గింజలు తాలుపోవును. ముసలి మొక్కలే మిగిలి, పిల్లమొక్క లుండవు. వేసవిలో కొండగడ్డికి పెట్టెడు నిప్పు రెండవ కీడు. మాను మరల చిగిర్చినను, లేతమొక్కలు మాడిపోవును. మందుకొఱకు మానునే పెకలించుట మూడవది.

ఇది అంతరించు ప్రమాదమున నున్నదని ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము నిర్ణయించినది. దేశాంతర వ్యాపారమును నియమించు ఒడంబడికలో మొదటి పట్టిక నెక్కినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణచే, అనుమతి లేక అడవినుండి దీనిని కోయుటయు, పెకలించుటయు, అమ్ముటయు నేరము. శేషాచలము 2010లో జీవావరణ రక్షిత ప్రదేశముగా ప్రకటింపబడెను.

అయినను, చట్టము ప్రతి వాలునకును కావలి కాయజాలదు. కొండయంచు గ్రామములవారు చేయదగినవి ఇవి: పోతుకంకిని కోయకుండుట, కొనకుండుట, కొండగడ్డికి నిప్పు పెట్టకుండుట, అంటుకొన్నచో వెంటనే అటవీ యుద్యోగులకు తెలుపుట, పశువులను ఈ మొక్కల దరికి పోనీయకుండుట. ఈ జాతి ఆకులందును గింజలందును విషముండుటచే ఇది పశువులకును మేలే.

విత్తు దాచుకొనని రైతునకు మఱుసటి పంట లేదు. కొండకు విత్తు ఆ పోతుకంకియే. సంఘ సభ్యులు ఈ సంగతిని తమ తమ గ్రామములందు తెలుపుదురుగాక.