త్రుప్పు పట్టిన కారు రేకును బాగుచేయు విధము

నందిగామ, జగ్గయ్యపేటల టింకరింగు షెడ్లలో పాత అంబాసిడరు కారులను మన విద్యార్థులు చూచియుందురు. 2014లో వాని తయారీ నిలిచినది గనుక, ఉన్నవానిని కాపాడుకొనుటయే మార్గము.

ఇనుము నీటితోను ప్రాణవాయువుతోను కూడి త్రుప్పగును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును. అందుచేతనే పైరంగు పొక్కులు లేచును. తలుపుల అడుగునను, మడ్‌గార్డుల మడతలలోను బురదయు నీరును నిలుచుటచే చేటు లోపలినుండియే మొదలగును.

మేమొకప్పుడు తొందరపడి మా కారు తలుపు చిల్లిని పుట్టీతో పూడ్చి రంగు వేయించితిమి. ఒక వానకాలము గడవకమునుపే అది ఊడిపడెను. పుట్టీ సొట్టను పూడ్చునేగాని రేకు కాజాలదు.

సరియైన పద్ధతి యిది. త్రుప్పు తినిన భాగమును మంచి రేకు తగులువరకు కోసివేయవలెను. అంతే మందముగల ఉక్కు రేకును ఆ ఖాళీకి సరిపోవునట్లు కత్తిరించి, అంచునకు అంచు చేర్చి, ఎడమెడముగా చుక్కలవలె వెల్డింగు చేసి, చల్లారిన పిమ్మట నడుమ చోట్లు నింపవలెను. ఒకేసారి చేసినచో వేడిమికి రేకు వంకరపోవును. తరువాత లోపలివైపున గూడ జింకు ప్రైమరు పూసి, తలుపు అడుగున నీరు జారు రంధ్రములను తెరచియుంచవలెను.

అంబాసిడరునకు వేరు ఛాసీ లేదు. అడుగురేకు, తలుపుల క్రింది గడపరేకు, ఇవియే బండికి బలము. అచ్చటి త్రుప్పును పుట్టీతో కప్పి అమ్ముట కొనువాని ప్రాణముతో ఆడుటయే. కావున ఈ పని నేర్వబోవు విద్యార్థులు కంటికి కనబడని వైపును ముందుగా బాగుచేయుదురుగాక.