కంతి వలె కనబడు మదురా పాదము

పొలము పనిలో కాలికి ముల్లు గుచ్చుకొనుట రైతులకు నిత్యానుభవము. సాధారణముగా ఆ గాయము మానిపోవును. కాని అరుదుగా కొన్ని నెలలకో, ఏండ్లకో అదే చోట గట్టి కాయ యొకటి బయలుదేరును. నొప్పి యుండదు గనుక ఎవ్వరును లక్ష్యపెట్టరు. అది మెల్లగా పెరిగి పాదము లావెక్కగా, చూచినవారు కొవ్వుగడ్డ యనియో, రాచపుండు అనియో భ్రమపడుదురు. అది మట్టిలోని సూక్ష్మజీవుల వలన కలిగిన రోగము కావచ్చును. 1842లో మదురైలో జాన్ గిల్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. అందుచే దీనికి మదురా పాదమను పేరు వచ్చినది. వైద్యులు మైసిటోమా యందురు. కట్టెల మోపులు మోయువారికి వీపు మీదను, భుజము మీదను కూడ ఇది రావచ్చును. ఇది అంటువ్యాధి కాదు.

గుర్తులు

1. నొప్పి లేని గట్టి వాపు.
2. కొంతకాలమునకు వాపుపై సన్నని రంధ్రములు పడి రసి కారుట.
3. ఆ రసిలో ఇసుక రేణువుల వంటి గింజలు పడుట.

రంధ్రములు పడక మునుపు కంతికిని దీనికిని గల భేదము కంటికి తెలియదు.

పరీక్ష ఏల?

ఈ రోగము రెండు తెగలు. ఒకటి నోకార్డియా, ఆక్టినోమడురా మొదలగు బాక్టీరియా వలన వచ్చును. రెండవది శిలీంధ్రముల వలన వచ్చును. వరిలో అగ్గితెగులు మందు బాక్టీరియా ఎండాకు తెగులుకు పనిచేయదు గదా! ఇదియు నట్లే. బాక్టీరియా తెగకు కోట్రైమాక్సజోల్, అమికాసిన్ వంటి మందులను వైద్యుని పర్యవేక్షణలో నెలల తరబడి వాడినచో పెక్కుమందికి కాలు తీయ నవసరము లేకయే నయమగును. శిలీంధ్రపు తెగకు మందులు వేరు. తరచు శస్త్రచికిత్స కూడ కావలసి యుండును. నల్లని గింజలు శిలీంధ్రమునకును, ఎర్రనివి బాక్టీరియాకును గుర్తు. తెల్లనివి, పసుపుపచ్చనివి ఏ తెగవైనను కావచ్చును.

కావున కాలు తీయుటకు ఒప్పుకొనుటకు ముందే వాపు నుండి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించవలెను. ఆ ముక్కను సూక్ష్మదర్శినితో చూచుటయే గాక, క్రిములను పెంచి చూచు పరీక్షకును పంపుమని వైద్యుని కోరవలెను. ముల్లు గుచ్చుకొనిన సంగతి మరువక చెప్పవలెను. కట్టుగుడ్డకు అంటిన గింజలను పారవేయక చూపవలెను.

జాగ్రత్తలు

వరి మడిలో చెప్పులు నిలువవు. కాని గట్ల మీదను, కంప కొట్టు చోట్లను తప్పక తొడుగుకొనవలెను. ముల్లు విరిగి లోపల మిగులకుండ తీసి, గాయమును సబ్బుతో కడుగవలెను. వాపు కొంచెము తగ్గగానే మందు మానరాదు, రోగము తిరుగబెట్టును. అశ్రద్ధ చేసినచో అది ఎముకకు ప్రాకును.

రైతు సోదరులారా! నొప్పి లేని కాయను నిర్లక్ష్యము చేయకుడు. ముందుగా చూపించుకొనినచో కాలు దక్కును.