మరమ్మతు గీజరుకా, నీటికా?

హైదరాబాదు,
పుష్య మాసము.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతియగు అమ్మాయికి పెదనాన్న అనేక ఆశీస్సులతో వ్రాయునది.

నీ జాబు చేరినది. క్రొత్త ఫ్లాటులోని గీజరు వేసినప్పుడెల్ల బోర్డులో స్విచ్చు పడిపోవుచున్నదనియు, నిలిచినపుడు సైతము నీరు గోరువెచ్చనకు మించి కాగుట లేదనియు, లోపలినుండి టపటపమని చప్పుడు వచ్చుచున్నదనియు, క్రింది వాల్వునుండి నీరు బొట్లుబొట్లుగా కారుచున్నదనియు, మెకానిక్కు ఎలిమెంటు మార్చిపోయిన కొన్నాళ్ళకే కథ మొదటికి వచ్చినదనియు వ్రాసితివి. శీతకాలము వచ్చినదన్న నగరమున చలి మిక్కుటముగ నుండు చోట్లలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంత మొకటియని పత్రికలు వ్రాయుచునే యుండును. దానికి చేరువనే రాయదుర్గములో పసిబిడ్డతో నున్న ఇంట వేణ్ణీళ్ళు లేకుండుట చిన్న కష్టము కాదు.

విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి గొన్నవాడను గనుక, నాకు తోచిన ముఖ్యమైన మాట ముందుగా చెప్పి పిమ్మట వివరములలోనికి వత్తును. మీ ఇంట చెడినది గీజరు, చెరచినది నీరు. చెడినదానిని మార్చి, చెరచినదానిని విడిచిపెట్టినంతకాలము మెకానిక్కు రాకపోకలు తప్పవు.

ఐనను అన్నిటికంటె ముందు ప్రాణరక్షణ. పడుచున్న స్విచ్చు ఏదో చూడుము. ఎం.సి.బి. పడినచో కరెంటు మోతాదు మించినదనియు, ఆర్.సి.సి.బి. పడినచో కరెంటు దారి తప్పి భూమిలోనికి పోవుచున్నదనియు గ్రహింపవలెను. రెండవది మిక్కిలి భయంకరము; ఏలయనగా, దారితప్పిన కరెంటు తడిసిన మన దేహముగుండ పోవుటకు వెనుదీయదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను త్రెంచివేయు ఆ పరికరమును, మాటిమాటికి పడుచున్నదని విసిగి తీసివేయించువారిని నే నెరుగుదును. అది కాపలావానిని మందలించి దొంగకు తలుపు తీయుట వంటిది. 2022 అక్టోబరులో ఈ నగరముననే, లంగర్‌హౌస్‌లో, యువ వైద్యుడొకడును, అతని భార్యయు స్నానాలగదిలో గీజరువలన కలిగిన విద్యుదాఘాతమునకు బలియైరన్న వార్త నీకును జ్ఞాపకముండవచ్చును. కావున ఎలక్ట్రీషియను వచ్చి ఎర్తింగు పరీక్షించువరకు ఆ గీజరును ముట్టవలదు. ప్లగ్గు, సాకెట్టులను గూడ చూడుమనుము. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లును, 3,000 వాట్ల ఇన్‌స్టంటు గీజరు 13 ఆంపియర్లును లాగును. 16 ఆంపియర్ల సాకెట్టును, తగిన మందము గల తీగయు లేనిచో ప్లగ్గు కమిలి కాలిన వాసన వేయును.

ఇక నీటి సంగతి. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల కాలమున కోటవారికి త్రాగునీ రిచ్చినదని ప్రసిద్ధి గన్న దుర్గం చెరువు మీ ఇంటికి సమీపముననే యున్నది. ఐనను దాని చుట్టు మొలచిన అద్దాల మేడలకు మంజీర, కృష్ణా, గోదావరి నీళ్ళు చాలనపుడు బోరునీరును, ట్యాంకరు నీరునే దిక్కు. ఈ ప్రాంతమంతయు గ్రానైటు రాతి నేల. ఆ రాతి పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు కాల్షియము, మెగ్నీషియము లవణములను కరగించుకొని పైకి వచ్చును. త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపల నుండుట మేలనియు, గత్యంతరము లేనపుడు 600 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము చెప్పుచున్నది. ఈ లవణములు చన్నీట కరగియుండి, నీరు కాగినపుడు విడివడి, మిక్కిలి వేడిగనున్న చోట, అనగా ఎలిమెంటుమీదనే, గారగా పేరుకొనును. గార వేడిని నీటికి పోనీయదు. కావున నీరు కాగుట ఆలస్యమగును, ఎలిమెంటు మాత్రము లోలోపల మాడిపోవును. గారక్రింద చిక్కిన నీరు ఆవిరియై పగులునపుడు వచ్చునదే నీవు వినిన చప్పుడు. తుదకు ఎలిమెంటు తొడుగు చిట్లి నీరు లోనికి చేరి కరెంటు లీకగును. నీవు వేరువేరుగా వ్రాసినవానిలో ఈ మూడు బాధలును ఇట్లు ఒకే కారణమున పుట్టినవై యుండుట మిక్కిలి సంభావ్యము.

మెకానిక్కు మూత విప్పినపుడు దగ్గర నిలిచి చూడుము. ఎలిమెంటుచుట్టు గవ్వపెంకువలె తెల్లగ పేరుకొన్న పొర కనబడును. దానిప్రక్కనుండు మెగ్నీషియము కడ్డీ బొటనవ్రేలి లావున నుండవలసినది అరిగి ఉత్త తీగ మిగిలియుండును. ట్యాంకునకు పట్టవలసిన త్రుప్పును తనమీద వేసికొని కరగిపోవుటకే ఆ కడ్డీ పుట్టినది. అది అయిపోయిన పిమ్మట ట్యాంకు వంతు వచ్చును. ఎలిమెంటు మార్చి కడ్డీ సంగతి ఎత్తకుండ పోవువారే ఎక్కువ. ఎలిమెంటు చిట్లనిచో నిమ్మ ఉప్పు కలిపిన నీట నానవేసిన బుసబుసమని పొంగి గార విడిపోవును. మీ నాయనమ్మ నీళ్ళకాగుకు చింతపండు పట్టించుటయు ఈ గుణముచేతనే. బోరునీరు వాడు ఇంట ఏటేట ఈ శుభ్రము చేయించి, థర్మోస్టాటును 55, 60 డిగ్రీల మధ్య నుంచినచో గార పట్టుట తగ్గును. పసివానికి ఒళ్ళు కాలు భయమును తగ్గును.

వాల్వు విషయమున కొంత ఊరట చెప్పగలను. 15 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాగినపుడు సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచించును. అందలి కొంత బొట్లుగా బయటికి వచ్చుట ఆ వాల్వునకు ధర్మమే గాని దోషము కాదు. దానికి బిరడా బిగించుట మహాప్రమాదము. గీజరు చల్లారిన తరువాతను కారుచున్నచో, వాల్వునందు గార యైన చేరియుండవలెను, లైనులో ఒత్తిడియైన ఎక్కువై యుండవలెను. ప్రతి పది మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి చేరును; ముప్పది అంతస్తుల మేడమీది ట్యాంకు భారము మీవంటి క్రింది అంతస్తులవారిపైననే పడును. లైనులో ఒత్తిడి తగ్గించు వాల్వు పనిచేయుచున్నదా యని మెయింటెనెన్సువారి నడుగుము. కారుచున్నది వాల్వు గాక ట్యాంకే యైనచో మాత్రము మరమ్మతున కాశపడక క్రొత్తది కొనుటయే మేలు.

మరమ్మతు చేయించునపుడు వారంటీ కార్డు చదివి ముందు కంపెనీ సర్వీసును పిలువుము. ట్యాంకునకు, ఎలిమెంటునకు గడువులు వేరుగానుండును, కఠినజలమువలని నష్టమునకు మినహాయింపును ఉండవచ్చును. ఏమి మార్చవలెనో, ఎంతయగునో చేయిపెట్టకముందే చెప్పించుకొని, పాత సామాను చేతికి తీసికొని, బిల్లు వ్రాయించుకొనుము. వేడి మించినపుడు కరెంటు నాపు కటౌటు మాటిమాటికి పడుచున్నదని దానిని తప్పించి “డైరెక్టు చేసెద”నన్నవానిని తక్షణమే పంపివేయుము. వేడికి హద్దు చూపు సాధనము లేనిచో ఆ ట్యాంకు ప్రేలుటకును సిద్ధముగ నుండును. అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉన్నది. అద్దె ఇల్లు గనుక ఓనరుకు ముందుగ తెలుపుట మర్యాదయు, లాభమును.

గ్యాసు గీజరు పెట్టుకొందుమా యని అడిగితివి. 1868లో లండనులో మాఘన్ అనునతడు కనిపెట్టిన మొదటి గ్యాసు గీజరునకు పొగగొట్టమే లేదు. ఆ యపాయము నేటికిని పూర్తిగ తొలగలేదు. గాలి ఆడని స్నానాలగదిలో మంట మండిన పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకయే సొమ్మసిల్లును. మీ బాత్రూమునకు ఉన్నది చిన్న షాఫ్టు కిటికీ యొక్కటే. కావున వలదు.

ఈ ఆదివారము ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు చూపింపుము. సోమవారము అసోసియేషనువారిని నీటిపరీక్ష రిపోర్టు అడిగి, కాఠిన్యము తగ్గించు సాఫ్ట్‌నరు ప్లాంటులో ఉప్పు వేళకు వేయుచున్నారో లేదో విచారింపుము. అటుపిమ్మటనే కంపెనీకి ఫోను చేయుము. ఈ వరుస తప్పవలదు. అంతవరకు పసివాని స్నానమునకు స్టవ్వుమీద కాచిన నీళ్ళు చాలును. తొట్టెలో ముందు చన్నీళ్ళు పోసి, తరువాతనే వేడినీళ్ళు కలుపుము. రిపోర్టులోని కాఠిన్యము అంకె నాకు వ్రాసినచో కడ్డీ ఎప్పుడెప్పుడు మార్పించవలెనో చెప్పెదను.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెదనాన్న.